ఫైలు తెరిచి ఉన్నప్పుడు



మా మాస్టారి జ్ఞాపకార్థం పెట్టిన ఈ సభలో ఆయన గుణగణాలు ఏకరువు పెట్టొద్దు, ఏదైనా పనికొచ్చే విషయం మాట్లాడమని కమిటీవారు ముందే చెప్పారు. మంచిదే, ఆయన ఉన్నా అదే చెప్పేవారు. ఆయన దగ్గర అర్థశాస్త్రం చదువుకున్నవాళ్లలో చాలామంది సర్కారు కొలువుల్లోకి వెళ్లారు, కొందరు పరిశోధనలోకి వెళ్లారు. ఆ రెండు గుంపులూ ఇవాళ ఈ హాల్లో వేర్వేరు వరసల్లో కూర్చున్నాయి. నేను మాట్లాడబోయేది ఆ వరసల మధ్య ఖాళీ గురించే. పేద దేశాల్లో ప్రజల బతుకు మీద జరిగే పరిశోధన ప్రభుత్వాల నిర్ణయాలను ఎప్పుడు మారుస్తుంది, ఎప్పుడు మార్చదు?

పరిశోధకుల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: మేం రాసింది సర్కారు చదవదు. ఆఫీసుల్లో ఉన్నవాళ్ల ఫిర్యాదూ ఒకటే: వీళ్లు రాసేది మాకు కావలసినప్పుడు దొరకదు, దొరికేసరికి దాంతో పని ఉండదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నాకు తెలిసినంతలో, ఒక పరిశోధన ఒక విధానాన్ని కదిలించిన ప్రతిచోటా ప్రభుత్వం లోపల ఎవరో ఒకరు అప్పటికే ఆ ప్రశ్నను నెత్తికెత్తుకుని ఉన్నారు. ఫైలు తెరిచి ఉంది. ఆ తరవాత, కనుక్కున్న సంగతి ఇంటి గడప దాకా ఎలా చేరుతుందన్నదాన్ని కూడా ఎవరో అంతే శ్రద్ధగా పరిశోధించారు. ఈ రెండో పని మన విశ్వవిద్యాలయాల్లో కాస్త తక్కువజాతి పని. దానికి పేరు రాదు, ప్రమోషనూ రాదు.

కలరాతో మొదలుపెడతాను. కలరాలో మనిషి ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ ఉప్పూ విరేచనాలుగా పోవడం. కొన్ని గంటల్లోనే అంతా అయిపోతుంది. పోయినదాన్ని సూదితో రక్తంలోకి ఎక్కిస్తే రోగి లేచి కూర్చుంటాడని 1832 నాటికే స్కాట్లండులో ఒక డాక్టరు చేసి చూపించాడు. అయితే సెలైన్ సీసాలు, సూదులు, నరం పట్టుకుని ఎక్కించడం వచ్చిన చేతులు పల్లెల్లో ఎక్కడ దొరుకుతాయి? 1953లో కలకత్తా డాక్టరు హేమేంద్రనాథ్ చటర్జీ ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం అచ్చు వేయించారు. వాంతులు ఆపి, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు నోటితోనే తాగించి 186 మందికి వైద్యం చేశానని అందులో రాశారు. లోకం పట్టించుకోలేదు. పోల్చి చూడటానికి వేరే రోగుల గుంపు లేదు, ఆ నీళ్లు ఎందుకు పనిచేస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ అభ్యంతరాల్లో న్యాయం లేకపోలేదు. కానీ అదే వ్యాసం లండన్ ఆసుపత్రి నుంచి వచ్చి ఉంటే కనీసం ఎవరో ఒకరు మళ్లీ చేసి చూసేవారేమో అనే అనుమానం నాకు పోలేదు.

1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త కారణం చెప్పాడు. గ్లూకోజు తోడుంటే పేగు గోడ ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీరు వెళుతుంది. ఆయన చూసింది పేగు పనితీరును. కలరా ఆయన లెక్కలో లేదు. 1968లో ఢాకా కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు రోగుల మీద జాగ్రత్తగా కొలిచి చూశారు. ఎంత నీరు పోతోందో అంతా లెక్కగట్టి నోటితోనే తిరిగి ఇస్తే సెలైన్ అవసరం బాగా తగ్గిపోతోందని తేల్చి అదే ‘లాన్సెట్’లో రాశారు. పరిశోధన అయిపోయింది. విధానం మాత్రం అంగుళం కదల్లేదు. పెద్ద డాక్టర్లు ఇది ఆసుపత్రిలో నిపుణుల కళ్లముందు చేయాల్సిన పని అన్నారు. చదువురాని తల్లి చేతికి ఉప్పు కలిపిన నీళ్లిస్తే బిడ్డను చంపుకుంటుందన్నారు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్లోకి వచ్చిపడ్డారు. ఒక్క బనగావ్ దగ్గరే మూడున్నర లక్షల మంది. కలరా అంటుకుంది. కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న దిలీప్ మహలనబీస్ అక్కడికి వెళ్లేసరికి ఆసుపత్రిలోని రెండు గదులూ నేల మీద పడున్న మనుషులతో నిండిపోయి ఉన్నాయి. సెలైన్ పెట్టాలంటే వాళ్ల మలంలో, వాంతుల్లో మోకాళ్లూని కూర్చోవాల్సిందే. ఆయన బృందంలో సెలైన్ ఎక్కించడం సరిగ్గా వచ్చినవాళ్లు ఇద్దరు. సీసాలు నిండుకుంటున్నాయి. ఇక గత్యంతరం లేక, అప్పటిదాకా నిపుణుల పర్యవేక్షణలో తప్ప వాడకూడదన్న ఆ నీళ్లను రోగుల బంధువుల చేతికే ఇచ్చేశారు.

ఆ పని ఎలా చేశారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పరిశోధన పత్రాల్లో ఇలాంటివి ఒక వాక్యంలో తేలిపోతాయి. కలకత్తాలో ఒక లైబ్రరీ గదిని ఖాళీ చేసి అక్కడ తూకాలు పెట్టుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. పాలిథిన్ సంచుల్లో పోసి వేడి ఇస్త్రీపెట్టెతో మూతులు అతికించారు. లీటరు ఖర్చు 11 పైసలు. శిబిరంలో ఆ పొడిని కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపారు. తల్లులు, అన్నదమ్ములు, పక్కన ఎవరుంటే వాళ్లు గ్లాసుల్లో పట్టుకెళ్లి తాగించారు. డ్రమ్ము మీద ‘ఓరల్ సెలైన్’ అని రాశారు. సెలైన్ అంటే జనానికి నమ్మకం. అలాంటి శిబిరాల్లో కలరా వస్తే నూటికి ముప్పై మంది దాకా పోవడం మామూలుగా ఉండేది. ఆయన చూసిన మూడువేల పైచిలుకు రోగుల్లో పోయినవాళ్లు 3.6 శాతం.

దీన్ని వ్యాసంగా రాసి పంపితే మొదట తిప్పిపంపారు. అచ్చయింది 1973లో. అయితే వ్యాసం కంటే ముందే ఒక మనిషి బనగావ్ వచ్చి కళ్లారా చూసి వెళ్లాడు. ఆయన ధీమన్ బారువా, జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో కలరా విభాగం చూసే డాక్టరు. అతిసారంతో పిల్లలు చచ్చిపోతున్న దేశాలకు ఏం చెప్పాలన్న ప్రశ్న రోజూ ఆయన బల్ల మీద ఉండేది. 1978లో ఆ సంస్థ అతిసార నివారణను ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా మొదలుపెట్టడం వెనక పాతికేళ్ల వ్యాసాలున్నాయి. వాటన్నిటితోబాటు, చూసి నమ్మి లోపల పట్టుబట్టిన మనిషీ ఉన్నాడు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటే మళ్లీ పొరపాటే. పొట్లాలు తయారుచేయడం, పంచడం వేరు. బంగ్లాదేశ్‌లో ఏ రోడ్డూ లేని ఊళ్లో, రాత్రి రెండింటికి విరేచనాలు మొదలైన పిల్లాడి దగ్గరికి పొట్లం చేరడం వేరు. ఫజ్లే హసన్ ఆబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ పొట్లం సంగతి పక్కనపెట్టి ఇంట్లో ఉన్నవాటితో పని మొదలుపెట్టింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు. చెప్పడానికి తేలికే. ఒకరి గుప్పెడూ ఇంకొకరి గుప్పెడూ ఒకటేనా? ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. అందుకని తల్లులు స్వయంగా కలిపిన నీళ్లను సీసాల్లో పట్టి ఢాకా ప్రయోగశాలకు తీసుకెళ్లి ఉప్పు పాళ్లు కొలిపించారు. లెక్క కుదిరాకే 1980లో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు.

తిరిగిన ఆడపిల్లల జీతం లెక్క కూడా చూడండి. ఎన్ని ఇళ్లు తిరిగావని అడగలేదు. కొన్ని వారాల తరవాత వేరేవాళ్లు వెళ్లి, చీటీ తీసినట్టు ఎంచిన కొన్ని ఇళ్లలో తల్లిని అడిగేవారు. చెప్పినవాటిలో ఎన్ని గుర్తున్నాయి, కలిపి చూపించగలదా? దాన్నిబట్టి జీతం. అయినా మొదట్లో ఫలితం నిరాశపరిచింది. తల్లులకు పాఠం అప్పగించినట్టు వస్తోంది, పిల్లాడికి విరేచనాలైతే మాత్రం తాగించడంలేదు. ఎందుకని ఆరా తీస్తే బయటపడిందేమంటే, చెప్పేవాళ్లకే నమ్మకం లేదు. తమ ఇళ్లలో వాళ్లే వాడటంలేదు. వాళ్లను ఢాకా తీసుకెళ్లి ఆసుపత్రిలో రోగులు తేరుకోవడం చూపించారు. ఇంకో సంగతి కూడా తేలింది. ఆడవాళ్లకే చెప్పి మగవాళ్లను వదిలేశారు. ఇంట్లో మందు విషయంలో చివరి మాట వాళ్లదాయె. దాంతో సంతల్లో, మసీదుల దగ్గర మగవాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. పదేళ్లలో కోటీ ఇరవై లక్షల ఇళ్లకు పైగా తిరిగారు. ఇవాళ బంగ్లాదేశ్‌లో అతిసారం వచ్చిన పిల్లల్లో నూటికి 75 మందికి పైగా ఈ నీళ్లు తాగుతున్నారు.

ఈ వైద్యాన్ని శరణార్థి శిబిరంలో రుజువు చేసిన మన దేశం సంగతి? 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అతిసారం వచ్చిన పిల్లల్లో ఓఆర్‌ఎస్, అంటే ఈ ఉప్పు-గ్లూకోజు పొట్లం, అందినవాళ్లు 26 శాతం. 2019-21 సర్వేకు వచ్చేసరికి 60 శాతం దాటింది. పెరిగింది, కాదనను. కానీ ఆ మిగిలిన 40 మంది? దీని మీద కర్ణాటక, బిహార్‌లలో ఒక పెద్ద అధ్యయనం చేసి 2024లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. పిల్లాడికి విరేచనాలంటూ వేషం కట్టిన మనుషులను రెండువేల పైచిలుకు ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపారు. వైద్యులకు ఓఆర్‌ఎస్ గురించి తెలియకపోవడం కాదు అసలు కారణం. దుకాణంలో లేకపోవడం, లాభం తక్కువన్న లెక్క, రెండూ చిన్న కారణాలే. వచ్చినవాళ్లు ఓఆర్‌ఎస్ కోరుకోవడంలేదని వైద్యుడు తనంతట తనే అనుకోవడం అన్నిటికన్నా పెద్ద కారణం. వచ్చినవాళ్లు నోరు తెరిచి ఓఆర్‌ఎస్ అంటే ఎక్కువమంది రాసిచ్చారు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుని ఒక పూట గమనించినవాళ్లకు ఇది ఆశ్చర్యం అనిపించదు. సూదో సెలైనో పెట్టకపోతే డాక్టరు ఏమీ చేయలేదన్నట్టే. 1971లో డ్రమ్ము మీద ‘సెలైన్’ అన్న మాట రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

ఇక ఫైలు గురించి. దీనికి మెక్సికో మంచి ఉదాహరణ. 1994 చివర్లో ఆ దేశపు పెసో కుప్పకూలింది. పేదల కోసమని పెట్టిన రొట్టెల సబ్సిడీలో చాలావంతు పట్నాల్లో, పేదలు కానివాళ్లకే పోతోందని ఆర్థికశాఖలో బడ్జెట్ చూసే ఉపమంత్రి శాంటియాగో లెవీకి తెలుసు. ఆయన స్వయంగా ఆర్థికవేత్త. సబ్సిడీ బదులు పిల్లల్ని బడికి పంపిన, ఆరోగ్యకేంద్రానికి తీసుకొచ్చిన తల్లికి నేరుగా డబ్బివ్వాలన్నది ఆలోచన. 1997లో ప్రోగ్రెసా పేరుతో మొదలైంది. దేశమంతా ఒకేసారి ఇవ్వడానికి డబ్బు లేదు. ఆ లేమినే వాడుకుని 506 పల్లెలను ఎంచి, లాటరీ వేసి 320 పల్లెలకు ముందు, 186 పల్లెలకు తరవాత ఇచ్చారు. తేడా కొలవమని వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థను పిలిచారు. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పెద్ద తరగతులకు వెళ్లడం పెరిగిందని తేలింది.

లెవీ ఇదంతా చేయించింది విజ్ఞానం మీద ప్రేమతో మాత్రమే అనుకోను. మెక్సికోలో ప్రతి కొత్త అధ్యక్షుడూ పాతవాడి పేదరిక పథకాన్ని ఎత్తేసి తన పేరుతో ఇంకోటి పెట్టడం రివాజు. ఈ జబ్బు గురించి మన సభలో నేను విడిగా వివరించాల్సిన పని లేదు. 2000లో 71 ఏళ్లుగా పాలించిన పార్టీ ఓడిపోయి విసెంటే ఫాక్స్ వచ్చాడు. పథకం మాత్రం మిగిలింది. పేరు మారింది, పట్నాలకు కూడా విస్తరించింది. బయటివాళ్లు కొలిచిన లెక్కలు చేతిలో ఉండటంతో రద్దు చేయడం కష్టమైంది. అదే నమూనా చాలా లాటిన్ అమెరికా దేశాలకు పాకింది. చివరికి 2019లో లోపెస్ ఒబ్రడార్ ప్రభుత్వం దాన్ని తీసేసింది. అప్పటికి 60 లక్షలకు పైగా కుటుంబాలు అందులో ఉన్నాయి. లెక్కలు ఇరవై ఏళ్లు కాపాడాయి. ఒక పథకానికి అది తక్కువ ఆయుష్షేమీ కాదు.

మన దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్లు పోస్టాఫీసు ద్వారానో పంచాయతీ ద్వారానో చేరేవి. ఎప్పుడొస్తాయో తెలియదు, ఎంత చేతిలో పడుతుందో తెలియదు. ప్రభుత్వం స్మార్ట్‌కార్డు తెచ్చింది. ఊళ్లోనే ఉండే ఒక మహిళ, చాలాచోట్ల పొదుపు సంఘం సభ్యురాలు, చేతిలో చిన్న మిషను పట్టుకుని కూర్చునేది. వేలిముద్ర వేస్తే చీటీ వచ్చేది, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది. 2010లో దీన్ని ఎనిమిది జిల్లాల్లో విస్తరించేటప్పుడు ఏ మండలాలకు ముందు, ఏవాటికి తరవాత అన్నది లాటరీతో తేల్చడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ దాన్ని కొలిచారు. 157 మండలాలు. ఒక రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం తన మామూలు గందరగోళంతో నడుపుతున్న పథకాన్ని ఆ స్థాయిలో లాటరీ పద్ధతిలో కొలవడం ప్రపంచంలోనే అరుదు.

గందరగోళం అని ఊరికే అనలేదు. రెండేళ్ల తరవాత కూడా కార్డు ద్వారా జరుగుతున్న చెల్లింపులు దాదాపు సగమే. బ్యాంకులు కొన్ని జిల్లాల్లో పట్టించుకోలేదు. మిషన్లు మొరాయించేవి. సమీక్షా సమావేశాల్లో మండలం, జిల్లా స్థాయి నుంచి పైకి వెళ్లేవన్నీ ఫిర్యాదులే. ఇక ఆపేద్దామా అనే ఆలోచన ప్రభుత్వంలో మొదలైంది. సరిగ్గా అప్పుడు అధ్యయనం లెక్కలు వచ్చాయి. కూలీ డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 20 శాతం తగ్గింది. పని చేసిన రోజు నుంచి డబ్బు అందే రోజుకు మధ్య ఆలస్యం 29 శాతం తగ్గింది. ఉపాధి హామీలో మధ్యలో కారిపోయే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గింది. అన్నిటికన్నా బలంగా పనిచేసింది ఇంకో అంకె: కార్డు తీసుకున్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు.

పై ఆఫీసుకు అప్పటిదాకా వినిపించింది ఎవరి గొంతు? కార్డు వల్ల చేతివాటం పోయినవాళ్ల గొంతు, పని పెరిగినవాళ్ల గొంతు. పింఛను ముసలమ్మ సమీక్షా సమావేశానికి రాదు. అందుకని ఈ అధ్యయనంలో నాకు గొప్పగా అనిపించేది గణితం కాదు. సర్కారు వినే మార్గం లేని లక్షలమంది మాటను వేలమందిని అడిగి ఒక కాగితం మీదికి తెచ్చింది. ఫైలు మూయబోతున్న సమయానికి తెచ్చింది. పథకం ఆగలేదు. ఈ వివరాలన్నీ పత్రికలో అచ్చయింది 2016లో. అప్పటికి రాష్ట్రమే రెండైంది. అచ్చు కోసం ఆగి ఉంటే సంతాప సందేశంలా ఉండేది.

ఇక్కడొక హెచ్చరిక. ఆంధ్రలో వేలిముద్ర పనిచేసింది కాబట్టి ఎక్కడైనా పనిచేస్తుందనే వాదన తరవాత చాలాచోట్ల విన్నాం. అదే ముగ్గురు పరిశోధకులు జార్ఖండ్‌లో రేషన్ దుకాణాలకు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు దాన్నీ కొలిచారు. వేలిముద్ర ఒక్కటే దొంగతనాన్ని తగ్గించలేదు. ఆధార్ ముడిపడని కుటుంబాలకు బియ్యం పోయాయి. తరవాత ప్రభుత్వం పాత నిల్వల లెక్క సరిచూసి కోత పెడితే సొమ్ము మిగిలింది, దాంతోబాటు హక్కుదారులు కూడా నష్టపోయారు. తేడా ఎక్కడుందంటే, ఆంధ్రలో కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బివ్వడం ఆపలేదు. మిషను ఒకటే, నియమం వేరు. పరిశోధనలో పెద్ద అక్షరాల్లో రాసిన ఫలితం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తేలిగ్గా ప్రయాణం చేస్తుంది. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ నియమం దారిలో పడిపోతుంది.

తలుపు తట్టినా తెరుచుకోనివి కూడా ఉన్నాయి. 2005 నుంచి ఇదే ఆంధ్రప్రదేశ్‌లో వందలాది ప్రభుత్వ బడుల్లో, పిల్లలు నేర్చుకున్నదాన్నిబట్టి పంతుళ్లకు కొద్దిపాటి బోనసు ఇచ్చి చూశారు. సగటున ఏడాది జీతంలో మూడు శాతం. పిల్లల చదువు లెక్కల్లోనూ భాషలోనూ మెరుగైంది. పేరున్న పత్రికల్లో వ్యాసాలొచ్చాయి, ప్రపంచమంతా ఉదహరించారు. మన జీతాల నియమాల్లో అక్షరం మారలేదు. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, సహకరించింది. అంతే. టీచర్ల జీతాల పద్ధతి మార్చాలన్న ప్రశ్న సచివాలయంలో ఎవరిదీ కాదు, ఎన్నికల ముందు అసలే కాదు. సంఘాలను తిట్టడం తేలిక. నేనైతే తిట్టను. ఎవరి ప్రశ్నకో ఇంకెవరో జవాబు తెచ్చిచ్చినట్టయింది.

దానికి తిరగేసినది సూక్ష్మరుణాల కథ. హైదరాబాద్‌లో 104 బస్తీలు ఎంచి, సగం బస్తీల్లో ముందుగా అప్పులివ్వడం మొదలుపెట్టి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కొలిచింది. వ్యాపారం ఉన్నవాళ్లు కొంత విస్తరించారు, ఇంటి ఖర్చు మొత్తంగా పెరగలేదు, ఆడవాళ్ల మాట చెల్లుబాటు మారలేదు. అద్భుతమూ లేదు, సర్వనాశనమూ లేదు. 2010 అక్టోబరులో ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ పరిశ్రమను ఇంచుమించు నిలిపేసింది. ఆ ఫైలు పత్రికల మొదటి పేజీ తెరిచింది. మధ్యస్థంగా ఉన్న ఆ అధ్యయనం ఆరోజు ఏ పక్షానికీ పనికిరాలేదు.

చిన్న ప్రశ్నకు చిన్న జవాబు వేగంగా వెళుతుంది. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు నాలుగువేల చొప్పున చెక్కులు పంచారు. చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని రైతులకు ఫోన్లు చేసి అడిగించారు. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు మాత్రం ముందే చెప్పారు, మీ రైతులకు ఫోన్లు వెళతాయి అని. ఆ ఒక్క మాటతోనే ఆ మండలాల్లో పంపిణీ కాస్త మెరుగైంది, అందులోనూ అంతకుముందు వెనకబడే రైతులకు ఎక్కువ మేలు జరిగింది. మెరుగుదల కొద్దిపాటిదే. ఖర్చు ఇంకా కొద్దిపాటిది. నోబెల్ బహుమతి తెచ్చే పని కాదిది. ఏ శాఖ కార్యదర్శి అయినా వచ్చే నెలలో మొదలుపెట్టగల పని.

చివరగా, పరిశోధకులే ఒకరితో ఒకరు ఏకీభవించనప్పుడు ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. ఈ కథ హైదరాబాద్ తార్నాక నుంచి మొదలవుతుంది. విటమిన్ ఎ లోపంతో పిల్లల కళ్లు పోకుండా పెద్ద మోతాదు నోట్లో పోస్తే చాలని అక్కడి జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగా 1970లో దేశవ్యాప్త పథకం వచ్చింది. అది చూపు కోసం. 1986లో ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ఇండోనేషియాలోని అచే పల్లెల నుంచి కొత్త మాట తెచ్చింది: ఈ మోతాదుతో పిల్లల చావులు 34 శాతం తగ్గాయి. 1990లో తమిళనాడులో వారంవారం చిన్న మోతాదు ఇచ్చి చూస్తే చావులు సగానికి పైగా తగ్గాయని ఒక అధ్యయనం వచ్చింది. అదే సంవత్సరం మన పోషకాహార సంస్థవాళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చేసిన అధ్యయనంలో తేడా ఏమీ కనబడలేదు. ఈ పల్లెల్లో పర్యవేక్షణ గట్టిగా ఉంది, జబ్బు పడిన పిల్లల్ని రెండు గుంపుల్లోనూ పట్టించుకున్నారు, బహుశా అందుకే అన్నది ఒక వివరణ. అన్నీ కలిపి లెక్కగడితే చావుల తగ్గుదల 23 శాతం అని 1993లో తేల్చారు. ప్రపంచం ఆ అంకె పట్టుకుని ముందుకు వెళ్లింది. ఆ సంస్థకు పూర్వ డైరెక్టరు, మన దేశంలో పోషకాహార శాస్త్రానికి పెద్ద దిక్కు అయిన సి. గోపాలన్ మాత్రం అందరు పిల్లలకూ పెద్ద మోతాదులు పోయడాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. ఆకుకూర పెరిగే నేల మీద మందుసీసా ఎందుకన్నది ఆయన వాదన సారాంశం.

తరవాత ఉత్తరప్రదేశ్‌లో పదిలక్షల మంది పిల్లలతో, 72 బ్లాకుల్లో, 1999 నుంచి 2004 దాకా ఒక అధ్యయనం జరిగింది. మిగతా అన్ని అధ్యయనాలనూ కలిపినా దాని పక్కన చిన్నవే. చావుల తగ్గుదల 4 శాతం, అది కూడా యాదృచ్ఛికం కావచ్చన్నంత చిన్నది. ఫలితం పత్రికలో అచ్చవడానికి 2013 వరకు పట్టింది. ఈలోపు 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత అంకెల మీదే తన సిఫారసు ఇచ్చేసింది. సోమర్ పక్షం వెంటనే ఒక ప్రశ్న వేసింది: అంగన్‌వాడీ కార్యకర్త ఆ క్యాప్సూల్ నిజంగా ప్రతి పిల్లాడి నోట్లో పిండిందని మీకెలా తెలుసు? అధ్యయనం చేసినవాళ్లు 86 శాతం మందికి అందిందన్నారు. అంత తక్కువ పర్యవేక్షణతో అంత ఎక్కువ అందదని అవతలివాళ్ల అనుమానం. ప్రపంచంలోకెల్లా పెద్ద పోషకాహార అధ్యయనం మీద తగవు చివరికి వచ్చి పడింది గ్రామంలో ఒక క్యాప్సూల్ దగ్గర. బ్రాక్ వాళ్లు చీటీ తీసి ఇళ్లకు వెళ్లి పరీక్షించారని చెప్పాను కదా, ఆ పని ఇక్కడ సరిపడా జరిగిందా లేదా అన్నదే ఇప్పటికీ వాదన.

2016-18లో కేంద్రం పిల్లల రక్తం పరీక్షించి చేయించిన జాతీయ పోషణ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో విటమిన్ ఎ లోపం సగటున 18 శాతం దగ్గర తేలింది. తీవ్రమైన ప్రజారోగ్య సమస్య అనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 20 శాతం. సగటు హద్దుకు దిగువన ఉంది, రాష్ట్రాల మధ్య తేడా మాత్రం చాలా ఉంది. ఇప్పుడు నూనెలో, పాలలో కూడా విటమిన్ ఎ కలుపుతున్నారు. అందరు పిల్లలకూ పోయాలా, కొన్ని జిల్లాలకే పరిమితం చేయాలా, మానేయాలా? పోషకాహార నిపుణుల్లోనే మూడు అభిప్రాయాలూ ఉన్నాయి. పల్లెల్లో తొమ్మిది నెలల పిల్లాడికి తట్టు టీకాతోబాటు లక్ష యూనిట్లు, తరవాత ఐదేళ్లు నిండేదాకా ఆరునెలలకోసారి రెండు లక్షల యూనిట్లు, పసుపుపచ్చ సిరప్ పోస్తూనే ఉన్నారు.

ఈ హాల్లో ఆ పక్క వరసల్లో వైద్యారోగ్యశాఖ, స్త్రీ శిశు సంక్షేమశాఖ మిత్రులు ఉన్నారు. ఈ పక్కన గణాంకాలు, పోషకాహారం చదివిన కుర్రవాళ్లున్నారు. ఏ జిల్లాలో ఎంతమంది పిల్లలకు సిరప్ నిజంగా పడుతోంది, వాళ్లలో ఎంతమందికి అది అవసరం అన్నది మన రెండు రాష్ట్రాల్లో ఏడాదిలో తేల్చదగ్గ ప్రశ్న. రైతుబంధుకు చేసినట్టు తల్లులకు ఫోన్లు చేస్తే మొదటి సగం తెలుస్తుంది. రెండో సగానికి కొద్దిమంది పిల్లల రక్తం చుక్కలు కావాలి. ఉపన్యాసం తరవాత టీ ఉందని కార్యదర్శిగారు చెప్పారు. ఎవరి వరసలో వాళ్లు నిలబడి తాగకండి.